జ్ఞాపకశక్తికి పుట్టగొడుగు

తెలుగులో పుట్టగొడుగు అన్న మాటలో పుట్టా ఉంది, గొడుగూ ఉంది. ‘లయన్స్ మేన్’ పేరుతో ఏకాగ్రతకూ జ్ఞాపకశక్తికీ మంచిదని అమెరికా దుకాణాల్లో అమ్ముడవుతున్న పుట్టగొడుగుకు మాత్రం ఈ రెండూ లేవు. అది ఓక్, బీచ్ వంటి చెట్ల మానుల మీద పెరుగుతుంది. గొడుగుకు బదులు తెల్లని పోగులు సింహం జూలులా కిందికి వేలాడుతుంటాయి. చైనావారికి అందులో కోతి తల కనిపించింది. జపానువారు ‘యమబుషి’ అనే కొండసన్యాసుల పేరు పెట్టుకున్నారు. ఆ రెండు దేశాల్లోనూ అది వంటింటి వస్తువు కూడా. శాస్త్రీయనామం హెరీసియం ఎరినేసియస్.

దీనికీ మెదడుకూ లంకె ‘నాడీ వృద్ధి కారకం’ అనే ప్రోటీన్ ద్వారా కుదిరింది. కొన్ని రకాల నాడీకణాలు పెరగడానికీ బతకడానికీ ఈ ప్రోటీన్ అవసరం. దాని ఆవిష్కరణకు సంబంధించిన కృషికే రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఇది పెద్ద అణువు. సూదిమందుగా ఇచ్చినా రక్తానికీ మెదడుకూ నడుమ ఉన్న అడ్డుగోడను దాటలేదు. మెదడే దాన్ని ఎక్కువగా తయారుచేసుకునేలా ప్రేరేపించే చిన్న అణువులు దొరికితే? 1990ల మొదట్లో జపానులోని షిజువోకా విశ్వవిద్యాలయానికి చెందిన కవాగిషి బృందం ఈ పుట్టగొడుగు నుంచి హెరిసెనోన్లనూ ఎరినసీన్లనూ వేరుచేసింది. గాజుపళ్ళెంలో పెంచిన ఎలుక మెదడు కణాలు వాటి సమక్షంలో ఆ ప్రోటీన్‌ను ఎక్కువగా ఉత్పత్తి చేశాయి. ఆసక్తికరమైన ఫలితమే. కానీ గాజుపళ్ళెం నుంచి మనిషి మెదడు దాకా ఉన్న దారిలో ఎన్నో మందులు మాయమైపోయాయి.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా ఉదాహరించేది 2009లో జపానులో వెలువడినది. స్వల్ప మతిమరుపు ఉన్న 50–80 ఏళ్ళవారు ముప్ఫైమందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రోజుకు సుమారు మూడు గ్రాముల పుట్టగొడుగు పొడిని మాత్రల రూపంలో 16 వారాలు ఇచ్చారు. రెండవ జట్టుకు ఉత్తుత్తి మాత్రలు. మొదటి జట్టుకు జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆపిన నాలుగు వారాలకు తగ్గాయి. ప్రకటనల్లో మొదటి సగమే కనిపిస్తుంది. నిజమైన ప్రభావమే అనుకున్నా అది వాడినన్నాళ్ళే నిలిచింది. పైగా ముప్ఫైమందితో చేసిన పరీక్షలో కాకతాళీయానికి చాలా చోటుంటుంది.

ఆరోగ్యవంతుల సంగతి ఇంకా పలుచన. 2023లో ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంవారు 18–45 ఏళ్ళవారు 41 మందిని పరీక్షించారు. 1.8 గ్రాములు తీసుకున్న గంటకు, అక్షరాల రంగును గుర్తించే ఒక పరీక్షలో వేగం కొంత పెరిగింది. తక్కిన కొలతల్లో అధికభాగం తేడా చూపలేదు. అనేక పరీక్షలు పెడితే ఏదో ఒకటి అనుకూలంగా రావడం వింత కాదు. నలభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏకాగ్రత పెరుగుతుందని చెప్పడానికి ఈ ఆధారం చాలదు.

సీసాలో ఏముందన్నది వేరే చిక్కు. 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి ఉత్పత్తులను అమ్మే ముందు పనిచేస్తాయని నిరూపించనక్కర్లేదు. హెరిసెనోన్లు పుట్టగొడుగు కండలోనూ, ఎరినసీన్లు దాని వేరుపోగుల వంటి మైసీలియంలోనూ ఉంటాయి. ఆ మైసీలియాన్ని తరచు ధాన్యం మీద పెంచి, ధాన్యంతో సహా పొడిచేస్తారు. అప్పుడు కొన్నవారికి దక్కేదాంట్లో పిండిపదార్థం కూడా గణనీయంగా ఉంటుంది. సీసా మీద ‘పాలిసాకరైడ్లు’ అన్న అంకె ఘనంగా కనిపించినా అందులో ఈ పిండి కూడా కలిసి ఉండవచ్చు. బీటా గ్లూకాన్ల పరిమాణం విడిగా ఇచ్చారా, ఏ భాగం వాడారు అన్నవి చూడవలసినవి.

పుట్టగొడుగు స్వయంగా చేసే హాని సాధారణంగా తక్కువే: కడుపులో ఇబ్బంది, కొందరికి దద్దుర్లు. అందులోని ఒక పదార్థం రక్తఫలకికలు గుమికూడడాన్ని తగ్గిస్తుందని ప్రయోగశాలలో తేలింది గనుక, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. అసలు ప్రమాదం వేరు. శాకాహారి, పదేళ్ళుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్, ఆపైన ఎసిడిటీకి రోజూ ఒమెప్రజోల్ వాడే మనిషిని తీసుకుందాం. ఈ మూడూ బి12 విటమిన్‌ను తగ్గించేవే. మతిమరుపు, పనిమీద మనసు నిలవకపోవడం, అరికాళ్ళ తిమ్మిరి ఆ లోపపు గుర్తులు కావచ్చు. ఆర్నెల్లపాటు పుట్టగొడుగు పొడిని నమ్ముకుని కూర్చుంటే, ఈలోగా నరాలకూ వెన్నుపాముకూ జరిగే నష్టం తర్వాత ఇంజెక్షన్లతో పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, మందగించిన థైరాయిడ్, మానసిక కుంగుబాటు కూడా ఇదే ముసుగులో వస్తాయి.

సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు అమ్మానాన్నల కోసం సూట్‌కేసులో ఇటువంటి సీసా పెట్టుకునేవారు ఆ ప్రయాణంలోనే బి12, థైరాయిడ్, రక్తపోటు పరీక్షలు చేయించవచ్చు. వాళ్ళు వాడుతున్న మందులన్నీ ఒకేసారి ఒక వైద్యుడికి చూపించవచ్చు. వినికిడి పరీక్ష కూడా అవసరం. మరిచిపోయిందని ఇంట్లో అందరూ అనుకునే మాట ఒక్కోసారి అమ్మకు మొదట్లోనే వినబడి ఉండదు.