కొత్త బ్రేకులు వేయించినా బండి ఆగడం లేదా?

మొన్న మా కారుకి బ్రేకు ప్యాడ్లు మార్పించాం. వస్తుంటే సందు మలుపులో ఆవు అడ్డొచ్చింది. ఎంత తొక్కినా బండి జారుతూ వెళ్ళి దాని తోక దగ్గర ఆగింది! "కొత్తవి కదా" అన్నారు మా వారు. నాకు మనసొప్పలేదు.

మీకూ ఇలాగే అయితే ముందు పెడల్ చూడండి. మెత్తగా స్పాంజిలా దిగిపోతోందంటే గొట్టాల్లో గాలి చేరిందేమో. బ్లీడింగ్ చేయించేదాకా బండి తీయకండి. పెడల్ గట్టిగానే ఉంటే డిస్కుకి నూనె, గ్రీజు అంటిందేమో చూడమనండి. జిడ్డు పీల్చుకున్న ప్యాడ్లు మార్చాల్సిందే, తుడిస్తే లాభం లేదు.

మాకు అవేవీ కావు. ప్యాడ్లు ఇంకా డిస్కుకి ఒరుసుకుని కుదురుకోలేదట! కొత్త ఇనప పెనం మీద మొదటి దోశ ఎప్పుడు సరిగ్గా వచ్చింది కనుక? మెకానిక్ చెప్పినట్టు ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ పదిసార్లు తగ్గించాం. ఇప్పుడు తొక్కిన చోటే ఆగుతోంది.