మూసీ ఒడ్డున నీటిగడ్డి

అల్పమైన వస్తువును ‘తృణప్రాయం’ అంటారు. ఒకరిని లెక్కచేయకపోవడం ‘తృణీకరించడం’. తృణమంటే గడ్డి. మాటలో ఇంత చులకనైన గడ్డి, హైదరాబాదు తూర్పు భాగంలో అనేక కుటుంబాలకు జీవనాధారమైంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలకు ఉత్తరాన ప్రవహించే మూసీనది ఒడ్డున పెంచే ఆ పంట పేరు నీటిగడ్డి. దీనినే పారాగడ్డి అని కూడా అంటారు.

అనంతగిరి కొండలలో జన్మించిన మూసీ నగరం నడుమ ప్రవహించి, మూసారాంబాగ్, నాగోలు మీదుగా తూర్పునకు సాగి, వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలుస్తుంది. నగరం విస్తరించిన కొద్దీ ఇండ్ల నుండి, కర్మాగారాల నుండి వచ్చే మురుగే వేసవిలో నదికి ప్రధాన ప్రవాహమైంది. నీటి నాణ్యత క్షీణించిన చోట వరి సాగు కష్టమైంది. అప్పుడు రైతులు మురుగును, నీటి నిల్వను తట్టుకోగల నీటిగడ్డి వైపు మొగ్గారు. నగరంలోని పాడిగేదెలకు పచ్చిమేత ప్రతిదినం కావాలి. వరి ఏటికి రెండు పంటలైతే, గడ్డి ఏడాది పొడవునా కోతకు వస్తుంది. ఏ రోజు కోసిన మోపునకు ఆ రోజే డబ్బు చేతికందుతుంది. 2000 దశకంలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ సాగును విస్తృతంగా అధ్యయనం చేశారు.

నీటిగడ్డి స్వస్థలం ఆఫ్రికా ఖండం. బ్రెజిల్ దేశంలోని పారా ప్రాంతం పేరు దీనికి స్థిరపడింది. దీని శాస్త్రీయ నామం బ్రాకియేరియా మ్యూటికా. ఇది బహువార్షిక తృణం. దీని కాడలు నేలపై పాకుతూ, కణుపు కణుపునా వేళ్ళూనుతాయి. చిత్తడినేలలు, చెరువు గట్లు, కాలువ ఒడ్డులు దీనికి అనుకూలం. చలిని మాత్రం తట్టుకోలేదు.

ఈ గడ్డికి మొలకెత్తే విత్తనం తక్కువ. కనుక కాడలనే నాటుతారు. ముదిరిన కాడలను రెండు మూడు కణుపులు ఉండేటట్లు ముక్కలు చేయాలి. నేలను దున్ని, తడిపి, వరుసల మధ్య సుమారు అరమీటరు ఎడం ఉంచి, కణుపులు మట్టిలో దిగేటట్లు గుచ్చాలి. తొలకరి వానలు ఇందుకు తగిన సమయం. రెండున్నర నెలలకు తొలికోత వస్తుంది. తరువాత ఋతువును బట్టి 30 నుండి 45 రోజులకు ఒకసారి కోయవచ్చు. మొదళ్ళను జానెడు విడిచి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. అలసంద, పిల్లిపెసర వంటి పప్పుజాతి మేతను దీనితో కలిపి పెడితే పశువులకు మాంసకృత్తులు చక్కగా అందుతాయి. సాగులో ఒక హెచ్చరిక కూడా అవసరం. అదుపు తప్పితే ఈ గడ్డి కాలువలను, చెరువులను కమ్మేస్తుంది. ఆస్ట్రేలియాలోని కకాడు జాతీయోద్యానంలో ఇది చిత్తడినేలలకు బెడదగా మారింది.

గడ్డికి నీటిని ఎంచుకొనే వివేకం లేదు. నీటిలోని పోషకాలను ఎలా స్వీకరిస్తుందో, సీసం వంటి భారలోహాలను కూడా అలాగే స్వీకరించగలదు. అవి మేత ద్వారా పశువులకు, పాల ద్వారా మనుషులకు చేరే ప్రమాదముంది. పాలను కాచినప్పుడు సూక్ష్మజీవులు నశిస్తాయి గాని లోహాలు నశించవు. మురుగులో గంటల తరబడి నిలిచి గడ్డి కోసే కూలీలు చర్మవ్యాధులకు, నులిపురుగులకు లోనుకావచ్చు. వారికి బూట్లు, చేతితొడుగులు అవసరం. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేయగల కేంద్రాలను నిర్మించారు. అయితే కర్మాగారాల వ్యర్థాలను అవి పుట్టిన చోటనే శుద్ధి చేయడం అత్యవసరం.

నీటితో పాటు నేల కూడా మారుతున్నది. నాగోలు వంతెనకు ఆవలి ఒడ్డున ఉన్న ఉప్పల్ భగాయత్ పేరులోనే తోట అనే అర్థం ఉంది. అక్కడి ఇండ్ల స్థలాలకు 2019లో వేలం జరిగింది. పొలం ప్లాటుగా మారితే గడ్డి కోసేవారి ఉపాధి కూడా పోతుంది.

నగరం విడిచిన నీరు గడ్డియై, గడ్డి పాలై, తిరిగి నగరానికే చేరుతున్నది. ఏమి విడిచామో అదే మన గిన్నెలోకి వస్తుంది. ఈ సత్యాన్ని తెలిపే గడ్డిపోచ తృణప్రాయం కాదు. దానిని తృణీకరించడం వివేకమూ కాదు.