రంగప్రవేశం అంటే ఏమిటి? – ఒక చెల్లెలి ప్రశ్నకు జవాబు



ఒక ఏడాది జగ్గయ్యపేటలో మన హాస్టల్ వార్షికోత్సవానికి రిహార్సల్స్ జరుగుతుంటే చూడడానికి వెళ్ళాను. ఎనిమిదో తరగతి చదివే చెల్లెలు ఒకామె స్టడీ అవర్ అయిపోయాక నా దగ్గరకు వచ్చి, "అక్కా, రంగప్రవేశం అంటే ఏమిటి? మనలాంటి వాళ్ళం చెయ్యొచ్చా?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు అప్పుడే కొంత చెప్పాను. రెండో ప్రశ్నకు మాత్రం "ఎందుకు చెయ్యకూడదు?" అని ఊరుకున్నాను. అది జవాబు కాదని నాకే అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

నాట్యం నేర్చుకున్న విద్యార్థి గురువు సమక్షంలో, ప్రేక్షకుల ముందు, మొదటిసారి ఒంటరిగా పూర్తి ప్రదర్శన ఇవ్వడమే రంగప్రవేశం. భరతనాట్యంలో దీనినే అరంగేట్రం అంటారు. ముందుగా గజ్జెలకు పూజ చేసి, గురువు చేతుల మీదుగా వాటిని అందుకుని కట్టుకుంటారు. ప్రదర్శన సుమారు రెండు గంటలు ఉంటుంది. వేదికకు ఒక పక్కన గురువు తాళాలతో నట్టువాంగం చేస్తారు. గాయకులు, మృదంగం, వయొలిన్, వేణువు వాయించేవారు ఆ పక్కనే కూర్చుంటారు. వేదిక మధ్యలో నిలబడేది మాత్రం ఒక్కరే.

కూచిపూడి రంగప్రవేశంలో మామూలుగా ఏయే అంశాలు ఉంటాయో చూద్దాం. ప్రార్థన తరువాత జతిస్వరం వస్తుంది. ఇందులో కథ ఉండదు. కాళ్ళ పని, తాళం, అంగశుద్ధి మాత్రమే కనబడతాయి. శబ్దంలో దశావతారాల వంటి కథ మొదలవుతుంది. భామాకలాపంలోని ప్రవేశ దరువులో సత్యభామ తనను తాను పరిచయం చేసుకుంటుంది. కూచిపూడిలో పాత్రధారి స్వయంగా మాట్లాడడం, పాడడం కూడా ఉంటుంది. పదంలో వేగం తగ్గుతుంది. అక్కడ పని అంతా కళ్ళది, ముఖానిది. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వ ఊరివాడని చెప్పే క్షేత్రయ్య పదాలనే ఎక్కువగా అభినయిస్తారు. ఆ తరువాత తరంగం. నారాయణతీర్థులు సంస్కృతంలో రచించిన కృష్ణలీలాతరంగిణిలోని పాటకు ఇత్తడి పళ్ళెం అంచుమీద పాదాలు ఉంచి ఆడతారు. చివరగా తిల్లానా, మంగళం.

పళ్ళెం మీద ఆడడం చూసి మనం చప్పట్లు కొడతాం. కానీ అది గారడీ కాదు. పాదం ఏ మాత్రం తప్పినా పళ్ళెం జారుతుంది, లయ కూడా తప్పుతుంది. అంటే తాళం శరీరంలో ఎంతగా ఇంకిందో అందరి ముందు తేల్చే పరీక్ష అది. అయితే నన్నడిగితే పదమే అంతకంటె కష్టమైన పరీక్ష. అక్కడ పట్టుకోవడానికి వేగమూ ఉండదు, పళ్ళెమూ ఉండదు.

గ్రూప్ డ్యాన్సులో ఒకరు అడుగు మరిచిపోతే పక్కవారిని చూసి సర్దుకోవచ్చు. ఒంటరిగా ఆడేటప్పుడు ఆ వీలు లేదు. కృష్ణుడూ తనే, యశోదా తనే. చూపు మార్చి, నిలబడే తీరు మార్చి పాత్ర మారిందని ప్రేక్షకులకు తెలియజెప్పాలి. రెండు గంటలపాటు ఊపిరి నిలుపుకోవాలి. అందుకే రంగప్రవేశానికి ముందు ఏళ్ళ తరబడి అడవులు అభ్యాసం చేయిస్తారు. (అడవులు అంటే ఇక్కడ చెట్లున్న అడవులు కావు, నాట్యంలోని ప్రాథమిక అడుగులు!)

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇలా ఒక్కరే ఆడే ప్రదర్శన కూచిపూడిలో మొదటినుంచీ ఉన్నది కాదు. అది మేళం కట్టి రాత్రంతా ఆడే భాగవతం. ఆడేవారు కూచిపూడి అగ్రహారంలోని కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారు. సత్యభామ వేషం కూడా మగవారే వేసేవారు. స్త్రీ పాత్రలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) ఆ సంప్రదాయం వారే. అంటే ఒకప్పుడు ఆ ఊళ్ళోనే, ఆ ఇళ్ళలోనే పుట్టిన ఆడపిల్లకు కూడా ఆ మేళంలో చోటు లేదు.

మరోవైపు ఆంధ్రదేశంలో ఒంటరిగా నాట్యమాడి, పదాలు, జావళీలు అభినయించినవారు కళావంతుల స్త్రీలు. బాలికలను దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. అన్యాయాన్ని ఆపడానికి వచ్చిన ఆ చట్టమే గుడులలో వారి నాట్యాన్ని కూడా ఆపింది. వారి కళ నిలిచింది గానీ ఆ వేదికలు వారివి కాకుండా పోయాయి.

20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు (1886–1956) ఆడపిల్లలకు నేర్పారు, ఒక్కరే ఆడే అంశాలను తీర్చిదిద్దారు. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి గారు (1940–2024), ఇంద్రాణీ రెహమాన్ గారు కూచిపూడిని దేశవిదేశాల వేదికలపై ఒంటరిగా ప్రదర్శించారు. వెంపటి చినసత్యం గారు (1929–2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో అమ్మాయిలకు శిక్షణ ఇచ్చారు. ఇవాళ కూచిపూడి నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే.

చెల్లీ, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. "ఇది మనది కాదు" అని ఎవరైనా అంటే, ఒకప్పుడు ఇదే మాట ఆడవాళ్ళందరితోనూ అన్నారని గుర్తుంచుకో. ఆ తలుపు దానంతటదే తెరుచుకోలేదు, మనుషులు తెరిచారు. నీకు మాత్రం ఎందుకు తెరుచుకోదు?

అలాగని మన పేటల్లోని డప్పు తక్కువదని అనుకోవద్దు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళలో డప్పు దరువుకు అడుగు కలపగలిగిన పిల్లకు తాళజ్ఞానం అప్పటికే సగం వచ్చినట్లే. మాదిగ కులాన్ని ఆశ్రయించి బ్రతికిన చిందు భాగవతులు కూడా యక్షగానాలు ఆడారు. వారిలో చిందు ఎల్లమ్మ గారు జీవితమంతా వేదికపైనే గడిపి పేరు తెచ్చుకున్నారు. ఒకటి నేర్చుకోవడానికి మరొకటి వదులుకోనక్కరలేదు.

ఇక ఖర్చు సంగతి. పెద్ద హాలు, కొత్త నగలు, ఆహ్వాన పత్రికలు, విందు – వీటితో రంగప్రవేశం పెళ్ళి ఖర్చంత అవుతోంది. ఇవేవీ నాట్యంలో భాగం కావు. కావలసినవి గురువు, పక్కవాద్యం, గజ్జెలు, మంచి నేల, చూసే నలుగురు. పాఠశాల వేదిక మీద చేసినా అది రంగప్రవేశమే. అది డిగ్రీ కూడా కాదు. సర్టిఫికెట్ కావలసినవారికి విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలలో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సి.సి.ఆర్.టి. సాంస్కృతిక ప్రతిభా ఉపకార వేతనాలు ఇస్తుంది. 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకు వేరే పథకం ఉంది. ప్రకటన వచ్చినప్పుడు వార్డెన్ గారిని, టీచర్లను అడిగి దరఖాస్తు చేయండి. సిగ్గుపడి ఊరుకోవద్దు.

2022లో జిల్లాలు విడిపోయాక మన జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. కూచిపూడి కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. అయినా దారి మాత్రం మారలేదు. జగ్గయ్యపేటలో బస్సెక్కితే నందిగామ మీదుగా విజయవాడ, అక్కడినుంచి పామర్రు మీదుగా కూచిపూడి. మన మెట్ట నుంచి ఆ డెల్టా ఊరికి ఒక పూట ప్రయాణమే.

ఆ ఏడాది వార్షికోత్సవంలో ఆ చెల్లెలు జతిస్వరం ఒక్కతే ఆడింది. పది నిమిషాలు కూడా లేదు. మధ్యలో ఒకచోట తడబడింది, ఆగలేదు, తాళం అందుకుంది. ముందు వరుసలో కూర్చున్న వాళ్ళమ్మ కూలిపని మానుకుని వచ్చింది. కూతురు దండం పెట్టి లోపలికి వెళ్ళేవరకూ ఆమె రెప్ప వెయ్యలేదు. నా లెక్కలో ఆ చెల్లెలి రంగప్రవేశం అయిపోయింది. మిగిలిన రెండు గంటల ప్రదర్శన కూడా త్వరలో చూడాలని, ఆ వేదిక ముందు మన హాస్టల్ పిల్లలందరం కూర్చోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

– ఒక పూర్వ విద్యార్థిని, నందిగామ