అక్రోటు గొప్పే, అవిసె పొడి తక్కువేం కాదు

అక్రోటు చెట్టుకు చలికాలంలో వందల గంటల గట్టి చలి తగలాలి. తగిలితేనే మళ్లీ సరిగ్గా చిగురిస్తుంది. ఎండలు నలభై డిగ్రీలు దాటే బళ్ళారిలో ఆ చలి ఎక్కడిది? మధ్య ఆసియా, పర్షియా కొండల చెట్టు అది. మన దేశంలో దాని పెద్ద ఇల్లు కాశ్మీరం. మన అంగళ్ళలో ధర అంత పలకడానికి ఆ దూరం కూడా ఒక కారణం.

గుండెకు మంచిదన్న పేరు దానికి ఊరికే రాలేదు. 1993లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం 18 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు నాలుగు వారాలు అక్రోట్లున్న భోజనం, నాలుగు వారాలు అవి లేని భోజనం పెట్టింది. అక్రోట్లు తిన్నప్పుడు కొలెస్ట్రాల్ 12 శాతం దాకా తగ్గింది. అయితే ఆ భోజనంలో వేరే కొవ్వు పదార్థాలు కొన్ని తీసేసి, వాటి చోట అక్రోట్లు పెట్టారు. కేలరీలు పెరగలేదు. ఇది మనవాళ్ళు తప్పక గమనించాలి. రోజూ తినేదంతా తిని, పైన గుప్పెడు వేసుకుంటే పెరిగేది బరువే. వంద గ్రాముల పప్పులో 650 కేలరీలుంటాయి మరి.

అక్రోటు అసలు బలం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమనే ఒమేగా-3 కొవ్వు. వంద గ్రాముల్లో 9 గ్రాములుంటుంది. మాంసకృత్తుల్లో మన వేరుశనగ (25 గ్రాములు) అక్రోటును (15) దాటిపోతుంది గానీ, ఈ కొవ్వు అందులో దాదాపు లేదు. అవిసె గింజల్లో మాత్రం 22 గ్రాముల పైనే ఉంది! బళ్ళారి కన్నడిగులు అగసె చట్నీ పుడి అని జొన్నరొట్టెలో నంజుకునేది ఈ గింజల పొడే. పెద్ద చెంచాడు పొడిలో ఒకటిన్నర గ్రాముల దాకా ఒమేగా-3 వస్తుంది. ఖరీదైన పప్పు కొనలేని ఇంటికి ఇది చిన్న లాభం కాదు.

గింజల్ని నమలకుండా మింగితే చాలామటుకు అరగకుండానే బయటికి పోతాయి. సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచుకోవాలి. ఈ కొవ్వు గాలి, వేడి తగిలితే త్వరగా చెడుతుంది. ముక్కవాసన వచ్చిందంటే, పొడైనా అక్రోటైనా పారేయాల్సిందే. వేసవిలో వారానికి సరిపడా దంచుకుని, మూత బిగించి చల్లని చోట పెట్టండి.