దారి తప్పిన బండిని కనిపెట్టుట ఎట్లు?

పూర్వము బండి కట్టించుకొని పొరుగూరు పోవువారికి బండివాని పేరు, ఇల్లు, వాకిలి తెలిసియుండెడివి. నేడు చదువునకో, వైద్యమునకో, ఉద్యోగమునకో పట్టణము చేరిన మన ఆడపడుచులు ఫోనులో పిలిచిన కారునో, ఆటోనో ఎక్కుచున్నారు. నడపువాడు అపరిచితుడు, దారి క్రొత్తది. అట్టివారి రక్షణకై ఏర్పడినదే అసాధారణ ప్రయాణములను కనిపెట్టు పద్ధతి.

ఇందలి సూత్రము సులభమైనది. బయలుదేరు చోటును, చేరవలసిన చోటును ముందుగనే తెలియును గనుక, పోవలసిన దారిని, పట్టదగిన కాలమును కంప్యూటరు లెక్కగట్టును. ఉపగ్రహ సంకేతముల వలన బండి ఎచ్చటనున్నదియు ఎప్పటికప్పుడు తెలియుచుండును. ఈ రెంటిని పోల్చినపుడు, బండి దారి విడిచినను, కారణము లేక చాలసేపు ఆగినను, గమ్యము చేరకముందే ప్రయాణము ముగిసినను ఆ భేదము బయటపడును. ఉబర్ సంస్థ 2018లో ప్రకటించిన ‘రైడ్‌చెక్’ ఇట్టిదే. మొదట అది దీర్ఘమైన నిలుపుదలను, ప్రమాదమును మాత్రమే గుర్తించెడిది. తరువాతి కాలమున దారి మళ్ళుటను గుర్తించుట కూడ చేర్చబడినది.

అయితే భేదము కనబడినంత మాత్రమున నేరము జరిగినదని తలంపరాదు. వాగు పొంగవచ్చును, రైలు గేటు పడవచ్చును, జాతర వలన రోడ్డు మూయబడవచ్చును. అందుచేత యంత్రము తీర్పు చెప్పదు, ప్రశ్న మాత్రమే వేయును. క్షేమముగ నున్నారా యని ప్రయాణికుని, డ్రైవరును అడుగును.

ఫోనును ఆపివేసినచో ఈ నిఘా తెగిపోవును. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఫోను ద్వారా పిలిచిన కారులో ఒక యువతిపై జరిగిన ఘోరము దేశమును కలచివేసినది. అనంతర కాలమున కేంద్ర ప్రభుత్వము నియమములను సవరించి, 2019 జనవరి 1 నుండి క్రొత్తగా రిజిస్టరగు ప్రయాణికుల వాహనములలో స్థానమును తెలుపు పరికరమును, ఆపదలో నొక్కు మీటను అమర్చవలెనని విధించినది. కాని మూడు చక్రముల బండ్లకు ఇందుండి మినహాయింపు గలదు.

కనుక ఆటో ఎక్కు స్త్రీలకు ఫోనే ఆధారము. తెలంగాణ పోలీసు శాఖ 2024 మార్చిలో ‘టీ-సేఫ్’ సేవను ప్రారంభించినది. సాధారణ ఫోను గలవారును దీనిని వాడుకొనవచ్చును. ప్రయాణము మధ్య క్షేమము విచారించుచు పిలుపు వచ్చును. ప్రయాణికురాలు తన రహస్య సంకేతముతో బదులీయవలెను. బదులు రాకున్నచో పోలీసులు అప్రమత్తులగుదురు.

కావున సోదరీమణులు బండి నెంబరును సరిచూచుకొని మరీ ఎక్కవలెను, ఇంటివారికి తెలుపవలెను. క్షేమము విచారించు పిలుపును విసుగుతో త్రోసిపుచ్చరాదు. క్షేమముగ నున్నవారు బదులీయనిచో, నిజముగ ఆపదలో నున్నవారి మౌనమును గుర్తించుట కష్టమగును. అనుమానము కలిగిన తక్షణమే 112కు ఫోను చేయుడు. యంత్రము దారి తప్పిన బండిని చూపగలదు. చేయి అందించవలసినది మనుష్యులే.