మీకు తెలుసా? ‘డార్క్ సైడ్’లో దాగిన గొంతులు

పింక్ ఫ్లాయిడ్ బృందం ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌ను 1973 మార్చిలో విడుదల చేసింది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో అది మొదటి స్థానంలో నిలిచింది ఒకే ఒక్క వారం. అయినా 1988 దాకా లెక్కేస్తే ఆ పట్టికలో మొత్తం 741 వారాలు ఉంది. అంటే పద్నాలుగేళ్ల పైమాటే! రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ పేర్లు రాక్ వినేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఆల్బమ్ నా మనసులో ఇంతగా నాటుకుపోయిందంటే అందులో సగం పుణ్యం ఆ నలుగురిది కాదు, ఆ రోజుల్లో స్టూడియోలోకి వచ్చి వెళ్లిన వేరే మనుషులది.

ముందుగా క్లేర్ టోరీ. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’కి సాహిత్యం లేదు. రైట్ పియానో మీద ఒక ఆడగొంతు ఉవ్వెత్తున లేస్తుంది, గుండె పగిలినట్టు ఏడుస్తుంది, అలిసిపోయి మెల్లగా సద్దుమణుగుతుంది. 1973 జనవరిలో ఒక ఆదివారం రాత్రి లండన్ ఆబీ రోడ్ స్టూడియోకి ఆమెను పిలిపించారు. అప్పటికి వయసు 25. మాటలు లేవు, పాడాల్సిన వరస కూడా లేదు. చివరికి తన గొంతునే ఒక వాయిద్యం అనుకుని పాడేసింది. రెండు మూడు టేకులు, అంతే. తన పాట ఉంచుతారన్న నమ్మకం లేకుండానే ఇంటికి వెళ్లిపోయింది. ఆదివారం కాబట్టి రెట్టింపు కూలి: 30 పౌండ్లు. తర్వాత రికార్డుల కొట్లో ఆ ఆల్బమ్ మీద తన పేరు చూసుకున్నాకే సంగతి తెలిసింది. ఆ పేరు కూడా గాయనిగానే, పాట కూర్చినవారిలో లేదు. 2004లో ఆమె కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి స్వరకర్తగా రైట్ పక్కన ఆమె పేరు కూడా వేస్తున్నారు. ఆలాపన వింటూ పెరిగిన మన చెవులకు ఈ తగవు తీర్చడం కష్టం కాదు. అప్పటికప్పుడు గొంతులో పుట్టిన ఆ రాగం ఆమెదే. అది ఒప్పుకోవడానికి 32 ఏళ్లు పట్టిందన్నది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎల్‌పీ రికార్డులో మొదటి వైపు ఆ గొంతుతోనే ముగుస్తుంది. తిప్పి వేస్తే ‘మనీ’. చిల్లర గలగల, కాగితం చిరిగిన చప్పుడు, గల్లాపెట్టె మోత! ఆ చిల్లర మోత కోసం వాటర్స్ తన భార్య కుండల పనికి మట్టి కలుపుకునే గిన్నెలో నాణేలు విసిరి రికార్డు చేశాడు. కంప్యూటర్లు లేని రోజులు కదా, ఒక్కో చప్పుడు ఉన్న టేపును స్కేలుతో కొలిచి, ముక్కలు కోసి, వరసగా అతికించి గుండ్రంగా తిప్పారు. మొత్తం ఏడు చప్పుళ్లు, ఏడు దెబ్బలు. మన మిశ్రచాపు తాళానికీ లెక్క ఏడే. తాళం వేస్తూ వినండి, చెయ్యి ఎక్కడా తడబడదు. గిటార్ సోలో వచ్చేసరికి మాత్రం లెక్క నాలుగుకు మారుతుంది.

‘టైమ్’ మొదట్లో ఒక్కసారిగా మోగే గడియారాలు? అవి అసలు ఈ ఆల్బమ్ కోసం రికార్డు చేసినవి కావు. ఇంజనీరు అలన్ పార్సన్స్ నాలుగు స్పీకర్ల శబ్దం ఎలా ఉంటుందో చూపించడానికి, పాత గడియారాల కొట్టుకు వెళ్లి ఒక్కోదాన్నీ విడిగా రికార్డు చేసి తెచ్చుకున్నాడు.

చప్పుళ్ల సంగతి అలా ఉంచి, ఆల్బమ్ అట్ట మీది పట్టకంలోంచి వచ్చే రంగులు లెక్కపెట్టారా? ఆరే! ఇండిగో లేదు.

ఇక అన్నిటికన్నా నాకిష్టమైనది. వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి స్టూడియోలో కనిపించిన వాళ్లందరినీ అడిగాడు. చావంటే భయమా? చివరిసారి ఎవరినైనా ఎప్పుడు కొట్టావు? అప్పుడు న్యాయం నీ వైపే ఉందా? సామాన్లు మోసే కుర్రాళ్లు జవాబు చెప్పారు. అక్కడే ఉన్న బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ కూడా చెప్పాడు. మెకార్ట్‌నీ జవాబులు సహజంగా లేవనిపించి పక్కన పెట్టేశారు. స్టూడియో గుమ్మం దగ్గర వాచ్‌మన్‌గా పనిచేసే జెర్రీ ఓ డ్రిస్కల్ మాటలు మాత్రం ఉంచారు, అదీ ఆల్బమ్ చిట్టచివర! చంద్రుడికి చీకటి వైపంటూ వేరే ఏమీ లేదని అర్థం వచ్చేలా ఆయన తాపీగా అనేసిన మాటతోనే పాటల వరస ముగుస్తుంది. ఆ వెనకాల వినిపించే గుండె చప్పుడు కూడా నిజానికి మేసన్ డ్రమ్ము మోతే.

ఈసారి విన్నప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. చివరి పాట ‘ఎక్లిప్స్’ అయిపోయింది కదా అని ఆపేయకండి. ఆ చివరి క్షణాల్లో శబ్దం కాస్త పెంచితే వాచ్‌మన్ గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.