కొత్త పురుగంటే ఎవరికి కొత్త?

పోయిన నెల ఒక సాయంత్రం హాస్టల్లో పేపరు తిరగేస్తూ మా గదిలో ఒకామె, "కొండల్లో కొత్త బల్లి జాతిని కనిపెట్టారంట" అని చదివింది. పక్క మంచం మీది అమ్మాయి వెంటనే, "కనిపెట్టేదేంది? అది అక్కడే ఉంది గదా!" అంది. అందరం నవ్వేశాం. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. నిజమే, కొండ పాతది, బల్లి పాతది. మరి కొత్తదేది?

మా ఊరు మహేంద్రమంగళం. ధర్మపురి జిల్లా, పాలక్కోడు తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఊరి చుట్టూ నల్లబండల గుట్టలు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక బండ చీలికలో వేలంత బల్లి కనిపించింది. గోడ మీది బల్లిలా లేదు. పట్టపగలు తిరుగుతోంది, రాతి రంగులో కలిసిపోయింది. ఫోను తీసి ఫోటో కొట్టుకున్నాను. ఇంటికొచ్చి మా అవ్వకు చూపించి, "అవ్వా, ఇది కొత్తదేమో" అన్నాను. "కొత్తదేంది మే! మా అమ్మ కాలం నించీ ఆ బండ కిందనే ఉండాది" అని కొట్టిపారేసింది.

కాలేజీకి తిరిగొచ్చాక జువాలజీ మేడం దగ్గరికి పోయి ఆ ఫోటో చూపించాను. ఆమె నవ్వి, "ఫోటో చూసి జాతి చెప్పలేనమ్మా" అన్నారు. ఎందుకు చెప్పలేరో అడిగితే ఒక గంట కూర్చోబెట్టి చెప్పారు. ఆ గంటలో విన్నదీ, తర్వాత చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మన గుత్తి సాలెపురుగు కథ చెప్తాను. అనంతపురం జిల్లా గుత్తి అంటే కోట గుర్తొస్తుంది, రైలు జంక్షన్ గుర్తొస్తుంది. అక్కడి రైల్వే కట్టెల డిపోలో ఒకప్పుడు ఒక ఆడ సాలెపురుగు దొరికింది. ఒంటి మీద మెరిసే నీలం రంగు. ఆ నమూనా లండన్ చేరింది. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్ 1899లో దాన్ని వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మొదటి మాటకు గ్రీకులో రంగురంగుల మృగం అని అర్థం. రెండోది లోహంలాంటి దాని మెరుపును చెప్తుంది. ఆ నీలం రంగు పదార్థం కాదట. నెమలి ఈకలో మాదిరి, వెంట్రుకల్లోని అతిసన్నటి నిర్మాణాల మీద వెలుతురు పడి అలా కనబడుతుంది.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా దొరికిన చోటు దగ్గర వచ్చింది. ఈ సాలెపురుగు పెద్ద చెట్ల తొర్రల్లో బతికేది. గుత్తిలో అలాంటి అడవి లేదు. 1899 తర్వాత దాన్ని మళ్లీ చూసినవాళ్లు లేరు. 102 ఏళ్లు గడిచాక, 2001లో, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. నరికిన దుంగలతోబాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని నిపుణుల అంచనా. అంటే ప్రపంచమంతా దాన్ని ఈనాటికీ ఏ ఊరి పేరుతో పిలుస్తోందో అది దాని సొంత ఊరే కాదు! దొరికింది రైల్వే డిపోలో కాబట్టి చీటీ మీద గుత్తి అని రాశారు. రాసింది అబద్ధం కాదు. కానీ అది పుట్టి పెరిగిన చోటు తెలియడానికి నూరేళ్లు దాటింది.

మా వైపు కథ కూడా ఒకటుంది. ధర్మపురి దాటి తొప్పూరు కనుమ దిగితే సేలం జిల్లా. ఆ జిల్లాలోని కాడయాంపట్టి నుంచి పోయిన ఇంకో సాలెపురుగుకు అదే 1899లో అదే పోకాక్ పీసిలోథీరియా ఫార్మోసా అని పేరు పెట్టాడు. ఫార్మోసా అంటే అందగత్తె. అప్పట్లో మా ధర్మపురి కూడా సేలం జిల్లాలోనే ఉండేది, 1965లో వేరయింది. మా పొరుగు సాలెపురుగుకు లండన్‌లో పేరు పెట్టారని మా ఊళ్లో ఎవరికీ తెలీదు. నాకూ ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక జంతువు కొత్త జాతి అని చెప్పాలంటే ఏమేం చెయ్యాలి?

మొదటిది, మూల నమూనా. దీన్ని హోలోటైప్ అంటారు. ఒకే ఒక్క జంతువును ఎంచి, "ఈ పేరు దీనిది" అని తేల్చి, ఎవరైనా వచ్చి చూసేలా ఒక మ్యూజియంలోనో పరిశోధన సంస్థలోనో నంబరు వేసి భద్రపరుస్తారు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఆ నమూనానే తీసి చూడాలి. మనకు పాఠభేదాలు వచ్చినప్పుడు పాత తాళపత్ర ప్రతి తీసి చూసినట్టన్నమాట. పక్కనే చీటీ ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికింది అని. ఆ చీటీ ఎంత ముఖ్యమో గుత్తి కథలో చూశాం.

రెండోది, భేదం చెప్పడం. అన్నిటికన్నా కష్టమైన పని ఇదేనని మేడం అన్నారు. "ఇది ఇలా ఉంది" అంటే చాలదు. దగ్గరి చుట్టాలన్నిటితో పోల్చి, ఫలానా దానికి ఇది ఉంది, దీనికి లేదు అని చూపించాలి. పైకి కనబడే రంగును నమ్మడానికి లేదు. గుత్తి సాలెపురుగు పిల్లగా ఉన్నప్పుడు ఆ నీలం అంతగా ఉండదు. ఆడదానికీ మగదానికీ రూపం తేడా ఉంటుంది. అందుకే ఈ రకం సాలెపురుగుల్లో కాళ్ల అడుగువైపున ఉండే పట్టీలు, మచ్చలు చూస్తారు. జననాంగాల నిర్మాణాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. బల్లుల్లో పొలుసుల వరసలు, వేళ్ల అడుగున మడతలు, మగవాటి తొడల దగ్గర ఉండే సన్నని రంధ్రాలు లెక్కపెడతారు. నా ఫోటోలో బల్లి వీపు తప్ప ఇంకేమీ లేదు. మేడం ఏం చెప్పగలరు?

ఇప్పుడు డీఎన్‌ఏ కూడా చూస్తున్నారు. పైకి ఒకేలా కనిపించే రెండు బల్లులు లక్షల ఏళ్ల కిందటే విడిపోయినవి కావచ్చు. అట్లాగే రెండు పేర్లున్న జంతువులు చివరికి ఒకటే అని తేలవచ్చు. అలా తేలితే ముందు పెట్టిన పేరు నిలుస్తుంది, తర్వాతిది పోతుంది. జంతువుల పేర్లకు లినేయస్ 1758 నాటి పుస్తకాన్ని మొదలుగా తీసుకుంటారు. సాలెపురుగులకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. క్లెర్క్ అనే ఆయన 1757లో వేసిన పుస్తకంలోని పేర్లు కూడా చెల్లుతాయి. ఒక్క ఏడాది ముందు!

మూడోది, అచ్చు వెయ్యడం. పేరు పెట్టి దాచుకుంటే లెక్కకు రాదు. వర్ణన, పోలిక, మూల నమూనా వివరం, అన్నీ కలిపి ప్రకటించాలి. ఆరోజు నుంచి అది శాస్త్రానికి కొత్త జాతి. కొత్త అనే మాటకు ఇక్కడున్న అర్థం ఇంతే. బల్లి కొత్తది కాదు. అది ఫలానా అని, దాని భేదం ఇదీ అని నలుగురి ముందు పెట్టిన మాట కొత్తది. మా అవ్వ అన్నదీ నిజమే, పేపరు రాసిందీ నిజమే.

పేరు అనేసరికి మన డిపార్ట్‌మెంట్ వాళ్లం చెవులు రిక్కిస్తాం కదా. శాస్త్రీయ నామంలో రెండు మాటలు. మొదటిది ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాల గుంపు. రెండోది ఆ గుంపులో దీన్ని వేరుచేసేది. ఇది మనకేం కొత్త? తేనెటీగ, కందిరీగ, జోరీగ. ఈగ అనేది గుంపు, ముందు మాట భేదం. పేడపురుగు, గొంగళిపురుగు, ఆరుద్రపురుగు. మన వాళ్లూ చూశారు, పోల్చారు, వేరుచేశారు. విశేషణం విశేష్యం అని మనం పరీక్షల్లో రాసేదాన్ని పొలాల్లోని వాళ్లు ఎప్పుడో చేసేశారు.

అయితే గుంపు కట్టడంలో తేడా వస్తుంది. మామూలు ఈగకూ జోరీగకూ రెండే రెక్కలు. తేనెటీగకు, కందిరీగకు నాలుగు. శాస్త్రం ప్రకారం ఆ రెండూ ఈగలు కావు, చీమలకు దగ్గరి చుట్టాలు. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే మఖ్మల్ ముక్కలా ఎర్రగా బయటికొచ్చే ఆరుద్రపురుగుకు ఎనిమిది కాళ్లు. అంటే అది కీటకమే కాదు, సాలెపురుగు వైపు బంధువు. శాస్త్రం పుట్టుకను బట్టి గుంపు కడితే, మన పేరు అది ఎప్పుడు కనబడుతుందో చెప్తుంది. ఒక మాటలోనే ఋతువు దాచిపెట్టారు. ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు అని నేననను. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఇక నా బండ దగ్గరికి తిరిగొస్తాను. నెమాస్పిస్ అని ఒక బల్లుల ప్రజాతి ఉంది. కంటిపాప గుండ్రంగా ఉంటుంది. మన దేశంలో వీటిలో చాలా జాతులు రాళ్ల మీదే బతుకుతాయి. ఏర్కాడు ఉన్న సేర్వరాయన్ కొండల్లోంచి 2000లో ఒక జాతిని, 2019లో ఇంకో రెండింటిని వర్ణించారు. 2020లో ఏలగిరి కొండల పేరుతో నెమాస్పిస్ ఏలగిరియెన్సిస్, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పేరుతో నెమాస్పిస్ రిషివ్యాలియెన్సిస్ వచ్చాయి. చివర ఉన్న ఎన్సిస్ అంటే ఆ చోటికి చెందినది అని. ఇవన్నీ మా ఊరి నుంచి బస్సులో పోయి వచ్చేంత దూరంలోని చోట్లు. చుట్టూ మైదానం ఎండిపోయినా పెద్ద బండల చీలికల్లో చల్లదనం, నీడ ఉంటాయి. అందుకని ఒక్కో గుట్ట ఒక్కో దీవిలా పనిచేస్తుంది. ఈ గుట్ట మీద ఉండేది ఆ గుట్ట మీద ఉండకపోవచ్చు.

ఇది చదివినప్పుడే నాకు గుండె దడదడలాడింది. మా జిల్లాలో, పక్కన కృష్ణగిరిలో గ్రానైట్ కోసం గుట్టలకు గుట్టలే కోసేస్తున్నారు. నేను చిన్నప్పుడు జారుడుబండ ఆడిన గుట్ట ఇప్పుడు సగమే ఉంది. ఆ పనిమీద బతికే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి, కాబట్టి తేలిగ్గా మాట్లాడలేను. కానీ కోసేముందు ఆ చీలికల్లో ఏముందో చూసినవాళ్లు ఉన్నారా? పేరున్న జంతువైతే ఇది అరుదైనది, కాపాడండి అని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. గుత్తి సాలెపురుగును 2008లో అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చగలిగారంటే, దానికి పేరూ చిరునామా ఉన్నందువల్లే. పేరు లేనిది పోతే, పోయిందని కూడా తెలియదు.

పేరు వల్ల కీడూ ఉంది. గుత్తి సాలెపురుగు అందం ప్రపంచానికి తెలిశాక దాన్ని పెంపకానికి కొనేవాళ్లు తయారయ్యారు. విదేశాల్లో అమ్ముడుపోతోంది. దాని అడవేమో 100 చదరపు కిలోమీటర్లలోపే. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. అందుకే ఈమధ్య కొందరు శాస్త్రవేత్తలు కొత్త జాతిని ప్రకటించినా కచ్చితమైన చోటు బయటపెట్టరు. గుత్తి విషయంలో చోటు తప్పుగా తెలిసి నష్టమైంది, ఇప్పుడు చోటు సరిగ్గా తెలిసినా భయమే!

మరి నా బల్లి కొత్త జాతేనా? తెలిసిన జాతుల్లో ఒకటే కావచ్చని మేడం అన్నారు. పట్టుకుని తీసుకురావద్దని, దానికి అనుమతులు కావాలని గట్టిగా చెప్పారు. తేదీ, వేళ, ఎండా నీడా, రాయి ఎలాంటిదో నోటు పుస్తకంలో రాసుకోమన్నారు. ఆ చీటీ ఇప్పుడు నా దగ్గరుంది.

తిరిగొచ్చేముందు గుట్టను కోసే సంగతి అవ్వతో అన్నాను. అవ్వ వక్కాకు నములుతూ, "బండ ఉండేకాడికి అదీ ఉంటాది. బండ పోతే యాడికి పోతాది?" అంది. సైన్సు చదవని మా అవ్వ అడిగిన ఈ ప్రశ్నకు చదివిన మనం జవాబు చెప్పాలి.

మన క్లాసులో చిత్తూరు వాళ్లున్నారు, హోసూరు వాళ్లున్నారు, కర్నూలు వాళ్లున్నారు. ఈ గోడపత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాను. మీ ఊళ్లో పురుగులకు, బల్లులకు, సాలెపురుగులకు మీ అవ్వలు, అమ్మమ్మలు, నాయనమ్మలు పిలిచే పేర్లు రాయండి. ఏ ఊరు, ఏ కార్తెలో కనిపిస్తుంది, పక్కదానికీ దీనికీ తేడా ఏంది, అదీ రాయండి. పెన్ను దారానికి కట్టి పెట్టాను. మొదటి వరసలో మా అవ్వ బల్లి ఉంది. పేరు గడి మాత్రం ఖాళీగా వదిలాను.